వేడి రాని కారు... చెమటలు పట్టించే బిల్లు!

మన కార్లలో నీలం నుంచి ఎరుపులోకి వెళ్లే ఓ గీత ఉంటుంది. దాని మీద తిరిగే మీట నీలం వైపే అరిగిపోతుంది. ఎరుపు వైపు మాత్రం కొన్ననాటి నిగనిగే! నిజమే, విజయవాడలోనో వరంగల్‌లోనో కారు నడిపేవారికి హీటరుతో పనేముంది? మహా అయితే డిసెంబరులో లంబసింగి వెళ్లినప్పుడు ఓసారి తిప్పి చూస్తారు. అదే మనిషి ఉద్యోగం కోసం అమెరికాలోని మిషిగన్‌కి వెళ్లాడనుకోండి... జనవరి వచ్చేసరికి ఆ ఎర్రగీతే ప్రాణాధారం.

డెట్రాయిట్ శివారు నోవిలో ఉండే ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు సంగతే చూడండి. పదేళ్లనాటి సెకండ్ హ్యాండ్ కారు. ఇంట్లో రెండు నెలల పాప. పురుడు పోయడానికి బెజవాడ నుంచి అత్తగారొచ్చారు. పాపకు టీకాలు వేయించాల్సిన రోజున బయట మైనస్ పన్నెండు డిగ్రీలు. హీటరు వేస్తే గాలి రివ్వున వస్తోంది... కానీ చల్లగా! పసిపిల్లల కారు సీటు బెల్టు కింద దళసరి కోటు వేయొద్దంటారు డాక్టర్లు. బెల్టు వదులైపోతుందని. అంటే కారే వెచ్చగా ఉండాలి. పైగా నలుగురి ఊపిరికీ అద్దాలన్నీ మసకబారిపోయాయి. ముందు దారే కనపడటం లేదు. చేసేదేముంది... సగం దూరం నుంచే వెనుదిరిగారు.

మూడు షెడ్లు... మూడు మాటలు

మొదటి షెడ్డువాళ్లు లక్షణం వినగానే 'హీటర్ కోర్ పోయింది, 1,450 డాలర్లు' అన్నారు. రెండోచోట అదే పనికి 980. మూడోచోట మాత్రం 'చూడకుండా ఏమీ చెప్పలేం, పరీక్షకే 130 డాలర్లవుతుంది' అన్నారు. చూసినందుకే డబ్బులా... అని ఒళ్లుమండింది అల్లుడికి.

ఇంతకీ ఆ హీటర్ కోర్ అంటే? ఓ చిన్న రేడియేటర్. ఇంజిన్‌లో కాగిన కూలెంట్ దానిలోంచి పారుతుంది. ఫ్యాను గాలి దాన్ని తాకి వేడెక్కి లోపలికి వస్తుంది. కారు వెచ్చదనానికి విడిగా పొయ్యేమీ లేదు, ఇంజిన్ పారేసే వేడినే మనం వాడుకుంటున్నాం. కోర్ ఖరీదు పెద్దగా ఉండదు. కానీ అది డ్యాష్‌బోర్డు వెనకాల ఎక్కడో దాక్కుని ఉంటుంది. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పితేగానీ చేతికందదు. అక్కడేమో మెకానిక్ గంటకు వంద డాలర్లు దాటి తీసుకోవడం మామూలే. అంటే బిల్లులో సింహభాగం కూలి. రోగం అది కాదని తర్వాత తేలినా ఆ కూలి తిరిగిరాదు!

అత్తగారి కన్ను

ఈలోగా అత్తగారే ఓ మాటన్నారు. 'అల్లుడుగారూ, ఈ ముల్లు ఎప్పుడూ ఇంత కిందే ఉంటుందా?' అని. మామగారు ఆటోనగర్‌లో లారీలు తిప్పినవారు. ఎండాకాలం బండి వేడెక్కుతోందని మెకానిక్కులు థర్మోస్టాట్ పీకి పక్కన పడేస్తే, ముల్లు పైకి లేవకపోవడం ఆవిడ చూశారు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే తలుపు అది. తెరుచుకుని బిగుసుకుపోయినా అదే కథ. చలిదేశంలో ఇంజిన్ కాగదు, హీటరుకి వేడి అందదు. పెట్రోలూ ఎక్కువ తాగుతుంది.

అల్లుడు ఆ మాట పట్టుకుని మూడో షెడ్డుకే వెళ్లాడు. పరీక్షలో తేలిందీ అదే. పరీక్ష, థర్మోస్టాట్, కొత్త కూలెంట్ అన్నీ కలిపి 340 డాలర్లు. హీటర్ కోర్ నిక్షేపంలా ఉంది!

కారే చెబుతుంది... వినాలి

షెడ్డుకి వెళ్లేముందు మీరే ఓ పది నిమిషాలు గమనించండి. పావుగంట నడిపినా ముల్లు కిందే ఉంటే అనుమానం థర్మోస్టాట్ మీద. ఆగి ఉన్నప్పుడు చల్లగా, యాక్సిలరేటర్ తొక్కితే వెచ్చగా వస్తోందా? కూలెంట్ తగ్గి ఉండొచ్చు. అది ఎటుపోయిందో కనిపెట్టకుండా పోసుకుంటూ పోతే రేపు ఇంజిన్‌కే ముప్పు. డ్యాష్‌బోర్డులోంచి టిక్కుటిక్కుమని చప్పుడొస్తూ ఒకవైపు వేడి, ఒకవైపు చల్లన ఉంటే గాలిని మళ్లించే తలుపు మోటారు సంగతి చూడాలి. ఫ్యాను ఆఖరి స్పీడులో మాత్రమే తిరిగితే సాధారణంగా రెసిస్టర్ కాలిందని. తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు మసక, కాలికింద కార్పెట్ తడి... ఈ మూడూ ఉంటే మాత్రం హీటర్ కోరే కారుతోందని అనుమానించాలి. కూలెంట్ విషం కాబట్టి పిల్లలున్న ఇంట్లో ఆలస్యం చేయకూడదు.

రెండు జాగ్రత్తలు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయకండి. మంచు దేశంలో కూలెంట్ బదులు ఉత్తి నీళ్లు పోయకండి, గడ్డకట్టి ఇంజినే పగులుతుంది.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే

'ఎంతవుతుంది?' అని కాదు, 'ఏ పరీక్ష చేసి తేల్చారు?' అని అడగాలి. హీటర్ కోర్‌లోకి వెళ్లే గొట్టం, వచ్చే గొట్టం రెండూ ముట్టి చూశారా? ఇంజిన్ బాగా కాగినా ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుందన్న మాటకు ఆధారం ఉన్నట్టు. అప్పుడు కూడా ముందు నీళ్ల ధారతో కడిగి చూడమనొచ్చు. మిషిగన్‌లో 1974 నాటి చట్టం ఒకటుంది. చిన్నాచితకా పనులు మినహా రిపేరు మొదలెట్టకముందే రాతపూర్వకంగా అంచనా ఇవ్వాలి. మార్చిన పాత భాగాన్ని అడిగితే ఇవ్వాలి, లేదా చూపించాలి. చాలామంది మనవాళ్లు కొత్త ఊరు, కొత్త భాష అని మొహమాటపడి అడగరు. బేరమాడటానికి సిగ్గుపడని మనం, కారణం అడగటానికి ఎందుకు జంకాలి?

ఇంతకీ పాపకు ఆ వారంలోనే టీకాలు వేయించారు. అద్దాలు తేటగా ఉన్నాయి. కారులో వెచ్చగా ఉంది. తిరుగు దారిలో వెనక సీట్లోంచి అత్తగారి గొంతు... 'కాస్త తగ్గించండి బాబూ, బెజవాడలో ఉన్నట్టే ఉంది!'