పిల్లల్ని టూరిజం డిగ్రీలో చేర్పించాలనుకునే వాళ్లకు

ఈసారి పోస్టు శనగ రేటు గురించి కాదు, తెగుళ్ల గురించీ కాదు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి నాకు ఒకటే ఫోన్లు. "మీ పాప చదివేది ఏందో టూరిజం అంట కదా, మావాణ్ని చేర్పిద్దామా, సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఏమేం చెయ్యాల, ఉద్యోగం వస్తాదా" అని. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నా. మధ్యలో నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. నిజానికి ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

మా పాప ఇందులోకి ఎట్లా పోయిందో ముందు చెప్తా. రెండున్నరేళ్ల కింద సంక్రాంతికి చుట్టాలొస్తే గండికోట తీసుకుపోయినాం. మనకు అది చిన్నప్పటి నుంచి చూసిన కోటే, కొత్తేం లేదు. అక్కడ హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ధాన్యాగారం ముందర నిలబడి ఇదేంది, ఇదేంది అని ఒకరినొకరు అడుక్కుంటాండ్రు. మా పాప పోయి అది గింజలు దాచుకున్న కట్టడమని, పెమ్మసాని నాయకులు ఏలిన కోట అని చెప్పింది. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు చూపించింది. పెన్నేరు కొండను ఎట్లా కోసుకుంటూ పోయిందో గండి అంచు దగ్గర నిలబెట్టి వివరించింది. వాళ్లు పోతాపోతా పాప చేతిలో 200 రూపాయలు పెట్టినారు. నాకు తల కొట్టేసినట్టయింది. "మనమేమన్నా అడుక్కునేటోళ్లమా" అని అక్కడే తిట్టినా. పాప ఒకటే అనింది: "నాయనా, నువ్వు శనగలు ఎవరికన్నా ఊరికే ఇస్తావా?"

దానికి నా దగ్గర జవాబు లేకపాయ. ఆ ఏడే బీబీఏ టూరిజంలో చేరింది.

ఇంక విషయానికొస్తా. చేరడానికి ఇంటర్ పాస్ కావాల. ఏ గ్రూపైనా మామూలుగా తీసుకుంటారు, సీఈసీ పిల్లలకి ఇది మంచి దారి. మన దగ్గర మామూలు డిగ్రీ కాలేజీలైతే ఆన్‌లైన్ అడ్మిషన్ ద్వారానే సీటు, తెలంగాణలో దాన్నే దోస్త్ అంటారు. నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే సంస్థ శాఖ ఉంది, ఐఐటీటీఎం అంటారు. దాని ప్రధాన కేంద్రం గ్వాలియర్. దానికి అడ్మిషన్ పద్ధతి వేరే, నోటిఫికేషన్ చూసుకోండి. ఇంట్లో ఉండి పొలం పనులు చూసుకుంటూ చదవాలంటే ఇగ్నోలో దూరవిద్యలో కూడా టూరిజం డిగ్రీ ఉంది. ఒకటి మాత్రం కలపొద్దు: హోటల్ మేనేజ్‌మెంట్ వేరు, టూరిజం వేరు. ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలకి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అని వేరే పరీక్ష ఉంటాది.

చేరినాక పట్టా రావాలంటే క్రెడిట్లు కావాల. క్రెడిట్ అంటే మనకు బ్యాంకులో అప్పే గుర్తొస్తాది, ఇది అది కాదు. క్లాసులో 15 గంటలు కూర్చుని చదివితే ఒక క్రెడిట్. ప్రాక్టికల్, ఫీల్డు పని అయితే 30 గంటలకి ఒకటి. కొత్త విద్యా విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మన లాంటోళ్లకి పనికొచ్చే మాట ఇందులో ఒకటుంది. పంట పోయి, ఇంట్లో జబ్బు చేసి, పిల్లోడు మధ్యలో మానేస్తే చదివింది నీళ్లలో పోదు. మొదటి ఏడు 40 క్రెడిట్లు పూర్తి చేసి, దాంతో పాటు వేసవిలో 4 క్రెడిట్ల పని నేర్చుకునే కోర్సు చేసుంటే సర్టిఫికెట్ ఇచ్చి పంపించొచ్చు. రెండేళ్లయితే డిప్లొమా. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో పిల్లోడి పేరు మీద ఉంటాయి. మూడేళ్ల లోపు తిరిగొచ్చి, మొత్తం ఏడేళ్లలో ముగించుకోవచ్చు. ఇంజనీరింగ్ మధ్యలో వదిలి ఇంట్లో కూర్చున్న పిల్లల్ని మన ఊళ్లలో ఎంతమందిని చూడలేదు!

హాజరు మామూలుగా 75 శాతం ఉండాల. పత్తి తీతకి వారాల తరబడి పిల్లల్ని ఆపుకుంటే పరీక్ష ఫీజు కట్టే రోజు ఏడవాల్సొస్తాది.

సబ్జెక్టుల గురించి "గుళ్లు గోపురాలు చూడటానికి డిగ్రీ ఎందుకు" అని మా బామ్మర్ది కూడా నవ్వినాడు. పాప పుస్తకాలు నేను తిరగేసినా. అకౌంట్స్ ఉంది, మార్కెటింగ్ ఉంది. విమాన టికెట్లు బుక్ చేసే కంప్యూటర్ పద్ధతి ఉంది. నలభై మందిని ఐదు రోజులు తిప్పాలంటే బస్సు, బస, భోజనం, ఎంట్రీ టికెట్లు లెక్కేసి ఒక్కొక్కరికి ఎంత పడతాదో రాసే పేపర్ ఉంది. చరిత్ర, పర్యావరణం, చాలా చోట్ల ఒక విదేశీ భాష కూడా. భద్రత కూడా చెప్తారు. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగి ఎన్ని ఇళ్లు ఆరిపోయినాయో మనకు తెలుసు. నలుగుర్ని తిప్పడం ఆటేం కాదు.

ఇంక అసలు సంగతి, ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకి మొత్తం 10 నెలలు పెట్టినారు. మొదటి ఏడు అయినాక రెండు నెలలు ఊళ్లో సర్వే పని, రెండో ఏడు అయినాక రెండు నెలలు, చివరి ఏడు ఒక సెమిస్టర్ మొత్తం. తర్వాత సిలబస్ మారినప్పుడల్లా ఇందులోనూ మార్పులొస్తున్నాయి, మీ పిల్లలు చేరే ఏడు నిబంధన కాగితం కాలేజీలో అడిగి తీసుకోండి. పని చేసినాక రిపోర్టు రాయాల, వైవాలో అడిగిన దానికి జవాబు చెప్పాల. అప్పుడే మార్కులు.

ఇక్కడే మనం మోసం చేస్తున్నాం. మనమే, పిల్లలు కాదు. వెయ్యో, రెండు వేలో పారేస్తే ఇంటర్న్‌షిప్ చేసినట్టు లెటర్ రాసిచ్చేటోళ్లు టౌన్లో ఉన్నారు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. పోయిన నెల నేను కూడా ఆ పనికే దిగినా. పాపకి హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో ఆరు నెలలు చోటు దొరికింది. ఆడపిల్లను ఒక్కదాన్ని ఎట్లా పంపేది అని నాకు నిద్ర పట్టలే. తెలిసినాయనతో మాట్లాడి లెటర్‌కి బేరం కూడా చేసినా. పాపకి తెలిసి రెండు రోజులు నాతో మాట్లాడలే. మూడో రోజు అన్నం దగ్గర అడిగింది: "కల్తీ విత్తనాలమ్మినోని మీద కలెక్టరాఫీసు దగ్గర ధర్నాకి కూర్చున్నావు కదా నాయనా, ఇదేంది?"

ఆ రోజు ధర్నాలో నా పక్కన కూర్చున్నోళ్లు ఈ పోస్టు చదువుతుంటారు. విత్తనం సంచి మీద బొమ్మ మంచిదే, లోపల మొలకెత్తని గింజ. ఆ లెటర్ కూడా అంతే కదా. ఈ చదువులో పని నేర్చేది ఆ ఆరు నెలల్లోనే, దాన్ని కొనుక్కుంటే మూడేళ్లు ఫీజు దేనికి కట్టినట్టు? ఆడపిల్ల భయం నిజమే, నేను కాదనను. అయితే భయానికి హాస్టల్ చూసుకోవాల, ఆఫీసుకి పోయి చూసి రావాల, లెక్చరర్ ఫోన్ నంబర్ దగ్గర పెట్టుకోవాల. దొంగ కాగితం దానికి మందు కాదు.

ఇంకో జాగ్రత్త. మా పక్కూరి పిల్లోడు ఒకడు విమానం బొమ్మ, ఎయిర్‌పోర్టు ఉద్యోగం అని బోర్డు చూసి ఏడాది డిప్లొమాకి చేరినాడు. వాళ్ల నాయన అర ఎకరా కుదువ పెట్టినాడు. చివరికి చేతికొచ్చిన కాగితం మీద ఏ యూనివర్సిటీ పేరూ లేదు. డబ్బులు కట్టక ముందే పట్టా ఇచ్చేది ఏ యూనివర్సిటీ అని అడగండి, అది యూజీసీ జాబితాలో ఉందేమో ఎవరన్నా చదువుకున్న పిల్లోడితో ఫోన్లో చూపించుకోండి. దొంగ యూనివర్సిటీల పేర్లు కూడా యూజీసీ వాళ్లే పెడతారు. బీబీఏ అయితే 2024-25 నుంచి కాలేజీకి ఏఐసీటీఈ అనుమతి కూడా ఉండాల.

ఉద్యోగం వస్తాదా అంటే, గ్యారంటీ నేనివ్వను. మొదట్లో జీతం తక్కువే. కరోనా వచ్చిన 2020లో ఈ రంగం మొత్తం పడుకునింది, మనకు వాన లేని ఏడు ఎట్లనో వాళ్లకట్ల. ఈ డిగ్రీ ఉంటే గైడు లైసెన్సు దానంతట అదే రాదు, అది వేరే తెచ్చుకోవాల. ఇంగ్లీషు, హిందీ మాట్లాడటం రాకపోతే కష్టమే. నలుగురిలో నోరు తెరవని పిల్లోణ్ని సీటు దొరికింది కదా అని తోయొద్దు. మాటకారి పిల్లలుంటే మాత్రం ఇంజనీరింగ్ సీటు కోసం భూమి అమ్మే ముందు దీన్ని ఒక్కసారి ఆలోచించండి. గండికోటకి వారం వారం అంతమంది వస్తున్నారు, డేరాలేసి సంపాదించేది ఎక్కడెక్కడోళ్లో, మనోళ్లు కార్లకి పార్కింగ్ చూపిస్తాండ్రు.

నేను పోయిన వారం హైదరాబాద్ పోయి ఆ ఆఫీసు, హాస్టల్ రెండూ చూసొచ్చినా. లెటర్ రాసిస్తానన్నాయనకి వద్దని చెప్పినా, అడ్వాన్సు ఇచ్చిన ఐదొందలు ఆయన తిరిగియ్యలే. సోమవారం రాత్రి బస్సుకి పాప పోతాది. జమ్మలమడుగు నుంచి ఆ రోజు టౌనుకి ఎవరన్నా కారులో పోతుంటే చెప్పండి అన్నా, రెండు పెట్టెలు ఉండాయి.