గీత ఏడెకరాల దగ్గర, లెక్క రెండు హెక్టార్ల దగ్గర

తెలంగాణలో రైతులకిచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసాకు ఎకరాల పరిమితి పెట్టాలా అన్న చర్చ 2024లో నెలల తరబడి సాగింది. ఐదెకరాలన్న వాళ్లున్నారు, ఏడన్న వాళ్లున్నారు, పదన్న వాళ్లూ ఉన్నారు. చివరికి 2025 జనవరిలో, సాగయ్యే ప్రతి ఎకరానికీ పరిమితి లేకుండా ఏడాదికి 12 వేల రూపాయలని ప్రభుత్వం తేల్చింది. అయినా ఖజానా బిగుసుకుంటే ఈ మాట మళ్లీ లేస్తుంది. అప్పుడు వినిపించే శాతాలు ఏ పట్టిక నుంచి ఎలా వచ్చాయో అడగడం కాగజ్‌నగర్ పత్తి రైతుకు అవసరం.

వ్యవసాయ గణన కమతాలను హెక్టార్ల తరగతులుగా విడదీస్తుంది. 2015-16 గణనలో దేశం మొత్తం మీద హెక్టారు లోపు కమతాలు 68.45 శాతం, ఒకటి నుంచి రెండు హెక్టార్లవి 17.62, రెండు నుంచి నాలుగు 9.55, నాలుగు నుంచి పది 3.80, ఆపైవి 0.57. ఏడెకరాలంటే 2.83 హెక్టార్లు, అంటే మూడో తరగతి కడుపులో ఉంది. పదో తరగతి గణితంలో నేర్పిన పద్ధతిలో, ఆ తరగతిలోని కమతాలు సమంగా పరుచుకున్నాయనుకుని 9.55లో 0.83/2 వంతు తీసుకుంటే దాదాపు 4. కింది రెండు తరగతుల 86.07 కలిపితే 90 శాతం. లెక్క తప్పు కాదు, తప్పేదైనా ఉంటే ఆ అనుకోవడంలో ఉంది. ఆ తరగతిలో కమతం సగటు 2.69 హెక్టార్లు, నడిమి విలువ 3 కన్నా తక్కువ. రైతులు రెండు హెక్టార్ల వైపే గుమిగూడారు కాబట్టి అసలు శాతం 90 దాటే ఉంటుంది.

ఒకటి రెండు శాతాలకు ఇంత రాద్ధాంతమా అనొచ్చు. అదే గణనలో తెలంగాణ కమతాలు సుమారు 59 లక్షలు. ఒక్క శాతమంటే 59 వేల కమతాలు. ఐదెకరాల గీతకూ చిక్కుంది: రెండు హెక్టార్లంటే 4 ఎకరాల 37 గుంటల చిల్లర. పాస్‌బుక్కులో 4 ఎకరాల 39 గుంటలున్న రైతు మన వాడుకలో ఐదెకరాల లోపు వాడే, పట్టికలో మాత్రం పై తరగతివాడు. ఇక డబ్బు సంగతి వేరు. సాయం ఎకరానికి కాబట్టి, రైతుల శాతం చూపి ఖర్చు శాతం చెప్పడం కుదరదు. నాలుగు హెక్టార్లు దాటినవి కమతాల్లో 4.37 శాతమే, భూమిలో మాత్రం దాదాపు 29 శాతం. ఇవి దేశం అంకెలు. సగటు కమతం దేశంలో 1.08 హెక్టార్లయితే మన దగ్గర ఒక్క హెక్టారే, కాబట్టి ఇక్కడ పెద్ద కమతాల వాటా ఇంకా తగ్గొచ్చు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు హారంలో ఉంది. గణన లెక్కించేది కమతాన్ని, అంటే హక్కు ఎవరిదైనా సాగు చేస్తున్న భూమిని. డబ్బు పడేది పట్టాదారు ఖాతాలో. కౌలుకు దున్నేవాడు పట్టికలో ఉంటాడు, జాబితాలో ఉండడు. పోడు రైతుల్లో చాలామందికి 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలయ్యాకే ఆ జాబితాలోకి దారి దొరికింది. సర్వే నంబరు వారీగా గుంటలతో సహా రికార్డు చేతిలో ఉన్న ప్రభుత్వానికి పట్టిక మీద అంచనా కట్టే అవసరమే లేదు. పరిమితి మాట ఎత్తే ముందు ఎకరాల్లో తరగతులు వేసి, ఒక్కో తరగతిలో ఎందరు పట్టాదారులు, ఎంత భూమి అన్న రెండు వరుసలు మండలాల వారీగా బయటపెడితే, మిగతా లెక్క పదో తరగతి పిల్లలే చేసిపెడతారు.