కుక్కకు స్వెటరా, గోనె సంచా?



ఈ చలికాలం మా ఇంట్లో ఒక బహస్ నడిచింది. మా గల్లీలో ఈనిన కుక్కకు స్వెటర్ కొందామని మా అమ్మాయి ఫోన్‌లో బొమ్మలు చూపించింది. "తౌబా! నాపాక్ జానవర్‌కు స్వెటరా?" అంది మా అమ్మీ. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

ముందు అమ్మీతో. నాపాకీ వేరు, నఫ్రత్ వేరు. మన హనఫీ ఫిఖహ్‌లో కుక్క ఎంగిలి నాపాక్. తగిలితే కడుక్కోవాలి, అంతే. పొడి వెంట్రుకలు తగిలినంత మాత్రాన బట్టలు నాపాక్ కావు (షాఫయీలకు మస్‌అలా వేరు). షౌక్ కోసం కుక్కను పెంచితే రోజూ సవాబ్ తగ్గుతుందని హదీసు ఉంది. మందకు, పొలానికి, వేటకు పెంచే కుక్కకు అది వర్తించదు. వీధిలో వణికే జీవిని వదిలెయ్యమని మాత్రం ఎక్కడా లేదు. దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి, తోలు మేజోడు నిండా నీళ్లు తెచ్చి తాపిన మనిషికి మగ్ఫిరత్ దొరికిందని బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. 630లో మక్కా ఫతహ్‌కు వెళ్తున్న దారిలో, అర్జ్ దగ్గర, పిల్లలకు పాలిస్తున్న ఒక కుక్కను ఎవరూ కదిలించకుండా హుజూర్ (స) ఒక సహాబీని కాపలా పెట్టారని వాఖిదీ రాశారు. అంత పెద్ద ఫౌజ్ నడిచే దారిలో ఒక బాలింత కుక్కకు కాపలా!

ఇక అమ్మాయితో. మన ఆదోని, ఎమ్మిగనూరు చలి సిమ్లా చలి కాదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున సుమారు 16, 17 డిగ్రీలకు దిగినా, మధ్యాహ్నానికి 30 దగ్గరికి ఎక్కుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగరుస్తూ వేడిని వదులుకుంటుంది. రాత్రి తొడిగిన స్వెటర్‌ను ఎండెక్కాక ఎవరు విప్పుతారు? అది ముళ్లకంపకు చిక్కుకుంటుంది, చంకల్లో ఒరుసుకుంటుంది, మంచుకు తడుస్తుంది. మేము దూదేకులవాళ్లం. వెచ్చదనం దూదిలో లేదు, ఏకిన దూది పట్టి ఉంచే గాలిలో ఉందని మా పెద్దలకు బడికి పోకుండానే తెలుసు. తడిస్తే ఆ గాలి పోతుంది, చల్లటి బరువే మిగులుతుంది.

కోటు అసలే వద్దని కాదు. ముసలిది, జబ్బుది, ఆపరేషన్ కోసం బొచ్చు గొరిగినది అయి, తొడిగి విప్పే మనిషి దగ్గరుంటే తొడగండి. పామెరేనియన్ లాంటి ఒత్తు బొచ్చు కుక్కకు మన ఊళ్లో అల్లా ఇచ్చిన కోటే చాలు. రీల్ కోసం తొడిగేది దిఖావా, ఇస్రాఫ్.

చలి అసలు ముప్పు పసికూనలకు. వీధి కుక్కలు ఎక్కువగా వానల చివర ఎదకొచ్చి, సుమారు 63 రోజులకు చలికాలంలో ఈనుతాయి. మొదటి రెండు మూడు వారాలు పిల్లకు తన ఒంటి వేడిని తానే నిలుపుకునే తాఖత్ ఉండదు. తల్లి పొట్ట, తోబుట్టువుల ఒళ్లే దానికి రజాయి. అలాంటి పిల్లను తల్లి నుంచి విడదీసి స్వెటర్ తొడగడం రహమ్ కాదు, జుల్మ్.

"మనుషులకే దుప్పట్లు లేవు, కుక్కలకా?" అనేవాళ్లున్నారు. సహీ మాట. స్వెటర్ డబ్బుతో ఎమ్మిగనూరు మగ్గం దుప్పటి కొని బస్టాండులో పడుకునే మనిషికి కప్పండి. కుక్కకు పాత గోనె సంచి చాలు. పత్తి మార్కెట్ ఉన్న ఊళ్లో సంచులకేం కరువు? గాలి తగలని మూల చూసి, సిమెంటు నేల మీద ఎండుగడ్డి మందంగా పరిచి, పైన సంచి వేయండి. పగలు ఆ సంచిని ఎండలో ఆరేయండి. దూది, గుడ్డ పీలికలు వద్దు, పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి.

ఒక ఎహతియాత్: బాలింత కుక్క కరుస్తుంది. తల్లి పక్కకు పోయినప్పుడు, పిల్లలను ముట్టకుండా, పెద్దవాళ్లే సంచి పెట్టి రావాలి. కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. పిల్లలు పాలు మానాక తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా చేయించమని మొహల్లావాళ్లంతా కలిసి మునిసిపాలిటీని అడగండి. 2023 కేంద్ర నిబంధనల ప్రకారం అది స్థానిక సంస్థల బాధ్యతే. వచ్చే చలికాలం ఇంకో ఈత పిల్లలు వణకకుండా ఉండాలంటే దారి అదే.

ఇవేవీ కుదరకపోతే, ఫజర్‌కు వెళ్లేటప్పుడు దుకాణం మెట్ల కింద ముడుచుకున్న కుక్కను రాయి విసిరి లేపకండి. చెయ్యి తగలదు, వజూ పోదు, పైసా ఖర్చు లేదు. ఆ బేజుబాన్ జీవికి ఇంకో గంట వెచ్చటి నిద్ర దక్కుతుంది.