పచ్చబొట్టు, చెవితమ్మె: సౌందర్యపు కొలతలు

మన పల్లెలలోని ముదుసలుల పచ్చబొట్లను, సాగిన చెవితమ్మెలను కొందఱు విద్యావంతులు అనాగరికములని నిరసింతురు. ఇది విచారింపదగినది. సుశ్రుతసంహిత సూత్రస్థానము 16వ అధ్యాయమున, శిశువులకు చెవులు కుట్టుట రక్షణకును అలంకారమునకును అని చెప్పబడినది. మూడేసి దినములకు లావైన వత్తి నుంచి రంధ్రమును పెంచు క్రమమును, తెగిన తమ్మెను అతుకు 15 విధములును అందు కలవు. శాస్త్రము విధించినదానిని అనాగరికమనుట యెట్లు?

రూపమునకును ఒకే కొలత లేదు. ఓరుగంటికి చేరువ పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి మదనికలు నల్లరాతి మెఱుగుతోనే మనోహరములు; నేటి ప్రకటనలకు తెల్లని మేనియే అందము.

ఇష్టము లేని వనితను ఆచారము పేర నొప్పించుట సమ్మతము కాదు. అయినను ఆ ముదుసలులు ఉండగనే వారి పచ్చబొట్ల పేర్లను, అర్థములను పరిశోధకులు వ్రాసికొనవలెను. తీర్పు తరువాతి మాట.