అన్నం కలుపుకోవడానికీ ఒక చదువు

మా పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు. "మళ్ళీ రాయనమ్మా, బీఓటీ చేస్తాను" అంది. అంటే బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఒకటే పంచాయితీ. "అదేం చదువు వదినా, రేపు సంబంధాలొస్తే ఏమని చెప్తాం?" అని మా ఆడపడుచు ఫోను. మా వారు పైకేమీ అనరు గానీ, లాంగ్‌టర్మ్ కోచింగ్ కరపత్రాలు తెచ్చి బల్ల మీద వదులుతున్నారు.

నేను మాత్రం పిల్ల వైపే. కారణం మా అత్తయ్యగారు.

పదేళ్ళ కిందట ఆవిడకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ అతను ఇంటికొచ్చి మూడు నెలలు నడిపించాడు. కర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళేవారు. అందరి లెక్కలో కోలుకున్నట్టే. కానీ అన్నం కలుపుకోలేరు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేరు, జడ వేసుకోలేరు. రెండేళ్ళు నేనే కలిపి తినిపించాను. కోడలంటే ఇలా ఉండాలన్నారు చూసినవాళ్ళు. నేనూ కాస్త పొంగిపోయాను, దాచుకోవడమెందుకు. ఆవిడ మాత్రం ముద్ద అందుకునేటప్పుడు నా మొహం చూసేవారు కాదు. ఒకసారి ఎడమచేత్తో చెంచా తీసుకోబోతే, "మీకెందుకత్తయ్యా శ్రమ" అని లాగేసుకున్నాను.

ఇప్పుడు అమ్మాయి ఆ కోర్సు గురించి చదివి వినిపిస్తుంటే ఆ చెంచాయే గుర్తొస్తోంది. లావు పిడి చెంచా, అంచు ఎత్తున్న పళ్ళెం, ఒంటిచేత్తో బట్టలు వేసుకునే పద్ధతి, ఇవన్నీ నేర్పే మనిషి ఒకరుంటారని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ చెయ్యి మామూలుగా అయిపోయేదని అనను. చెంచా మాత్రం ఆవిడ చేతిలోనే ఉండేది.

ఇదేమీ తేలిక చదువు కాదు. నాలుగేళ్ళు, ఆపైన ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ, సైకాలజీ, చేతికి ఆసరాగా పెట్టే స్ప్లింట్లు చెయ్యడం. పక్షవాతం వచ్చినవాళ్ళతోనే కాదు, ఆటిజం ఉన్న పిల్లలతోనూ, మానసిక సమస్యలున్నవాళ్ళతోనూ పని. మన దేశంలో కమలా నింబ్కర్ గారు 1950లోనే బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి బడి పెట్టారు. అయినా మనకి పేరే తెలియదు. రోజూ ఇంట్లో చేసుకునే పనులే కదా, వాటికో చదువేమిటి అనుకున్నాం కాబోలు. మనం చేసే పనికి లెక్కలేనట్టే దీనికీ!

ఇబ్బందులు లేకపోలేదు. డాక్టరంత జీతం రాదు. మన దగ్గర కాలేజీలు తక్కువ. వెల్లూరు సీఎంసీ గానీ, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ గానీ అంటోంది. పిల్లని అంత దూరం పంపడానికి నాకూ గుండె జారుతోంది. కానీ ఇష్టంలేని కోచింగ్‌లో ఇంకో ఏడాది కూర్చోబెట్టడం కంటే ఇదే నయం.

మొన్న రాత్రి మా వారు పేపరు మడిచి, "కటక్‌కి ఇక్కణ్ణుంచి ఏ రైలుంది?" అని అడిగారు. కరపత్రాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి.