గెయిన్స్ చూపిన లోపలి మెట్లు

అణగారిన కులాల మధ్య ఉన్న హెచ్చుతగ్గుల గురించి మాట్లాడితే ఐక్యత చెడుతుందన్న వాదన తెలుగు సమాజానికి కొత్త కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మోగిన నాటి నుంచి అది వినబడుతూనే ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు సభ్యుల ధర్మాసనం వర్గీకరణకు దారి తెరిచిన తరువాత కూడా ఆగలేదు. అలా అనేవారందరి ఉద్దేశాన్నీ శంకించనవసరం లేదు. ఎదుటి పక్షం బలంగా ఉన్నప్పుడు ఇంటి గుట్టు లంకకు చేటన్న భయం సహజమే. ఇటువంటి భయమే మరో ఖండంలో, మరో రూపంలో ఎదురైనప్పుడు ఒక నవలాకారుడు ఏం రాశాడో పరిశీలించడం మనకు ఉపయోగకరం. ఆయన ఎర్నెస్ట్ జె. గెయిన్స్.

అమెరికా దక్షిణ రాష్ట్రం లూసియానాలో, పాయింట్ కూపే పారిష్‌లోని ఆస్కార్ అనే ఊరి దగ్గర రివర్ లేక్ ప్లాంటేషన్ ఉంది. 1933 జనవరి 15న గెయిన్స్ అక్కడ పుట్టారు. ఆ ఎస్టేటులో ఆయనది అయిదో తరం. ఒకప్పుడు బానిసలను ఉంచిన వరుస ఇళ్లలోనే బాల్యం గడిచింది. ఆ ఇళ్లను అక్కడ ‘క్వార్టర్స్’ అంటారు. మన ‘వాడ’ అన్న మాటలోని బరువంతా అందులో ఉంది. చర్చి భవనమే బడి. పిల్లలు పొలం పనికి కావాలి కనుక ఆ బడి ఏడాదికి అయిదారు నెలలే నడిచేది. తల్లిదండ్రులు దూరమైన ఆ పిల్లవాడిని పెంచిన అగస్టీన్ జెఫర్సన్ జన్మలో నడవలేదు. నేల మీద పాకుతూనే వండింది, ఉతికింది, తోట వేసింది. ఆమె ఎక్కడికీ వెళ్లలేదు కనుక వాడలోని వృద్ధులందరూ ఆమె అరుగు మీదికే వచ్చేవారు. చదువురాని ఆ పెద్దల కోసం ఉత్తరాలు రాసిపెట్టడం గెయిన్స్ మొదటి రచనా వ్యాసంగం. వారు సగం చెప్పి ఆగిపోతే మిగతా సగం తానే పూరించవలసి వచ్చేది.

నల్లపిల్లలకు పై చదువు దొరకని ఆ ప్రాంతం నుంచి 1948లో, పదిహేనేళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని వలేహోకు తల్లి దగ్గరికి పంపారు. జీవితంలో మొదటిసారి గ్రంథాలయంలో అడుగుపెట్టారు. తన వాళ్లు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. రైతుల గురించి రాసిన తుర్గేనెవ్, చెహోవ్, తోల్‌స్తోయ్‌లు మాత్రం దగ్గరివారనిపించారు. కుర్రతనంలోనే ఒక నవల రాసి న్యూయార్క్ పంపారు. అది తిరిగొచ్చింది, తగలబెట్టారు. ఆ కథనే మళ్లీ మళ్లీ రాయగా 1964 నాటికి ‘కేథరిన్ కార్మియర్’ అయింది.

మధ్యలో ఒక మలుపు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో 1957లో డిగ్రీ, ఆ తరువాత స్టాన్‌ఫర్డ్‌లో వాలెస్ స్టెగ్నర్ ఫెలోషిప్ అయ్యాయి. మిత్రులతో మెక్సికో వెళ్లిపోవాలనుకుంటున్న సమయంలో, 1962 చివర, జేమ్స్ మెరిడిత్ మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చేరిన వార్త వచ్చింది. ఒక నల్ల విద్యార్థి చేరినందుకే అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ ధైర్యం చూసి గెయిన్స్ మెక్సికో మానుకుని, 1963 జనవరిలో లూసియానాకు వెళ్లి ఆరు నెలలున్నారు. ఆ నిర్ణయమే తనను రచయితగా కాపాడిందని తరువాత చెప్పుకున్నారు.

పౌరహక్కుల చట్టం వచ్చిన సంవత్సరం 1964. నల్లవారంతా ఒక్కటిగా నిలబడవలసిన చారిత్రక క్షణం. సరిగ్గా అదే ఏడు వెలువడిన మొదటి నవలలో గెయిన్స్ ఏం రాశారు? లేతరంగు క్రియోల్ రైతు రౌల్ కార్మియర్, ముదురురంగు నల్లవారిని తన గడప తొక్కనివ్వడు. తన కూతురు కేథరిన్‌ను ప్రేమించిన జాక్సన్ చదువుకున్నవాడైనా అంతే. ఈ రౌల్‌ను తెల్లవారు తమవాడిగా ఎంచరు. ఫ్రెంచి సంతతి పేద తెల్లవారైన కేజన్ల చేతికి మంచి భూమీ, ట్రాక్టర్లూ పోతుంటే, తన సాగును కాపాడుకోవడానికి ఒంటరిగా పెనుగులాడుతుంటాడు. పై మెట్టు వాడు తొక్కుతున్నాడు, అయినా కింది మెట్టు వాడితో కలవడు. అంబేద్కర్ శ్రేణీకృత అసమానత అని పేరు పెట్టిన ఈ నిచ్చెన, ఆయనను చదవని రచయిత కంట కూడా పడింది, నిచ్చెన అక్కడా ఉంది కనుక.

అమెరికా దక్షిణానికి ‘కులం’ అన్న మాటను అన్వయించడం 2020లో ఇజబెల్ విల్కర్సన్ పుస్తకంతో మొదలైందని మన విద్యార్థులు అనుకుంటుంటారు. నల్లజాతి మానవ శాస్త్రవేత్త ఆలిసన్ డేవిస్, తెల్లజాతి సహపరిశోధకులతో కలిసి మిసిసిపీలోని నాచెజ్ పట్టణాన్ని అధ్యయనం చేసి, ‘డీప్ సౌత్’ అన్న గ్రంథాన్ని 1941లోనే ప్రచురించారు. దాని ఉపశీర్షికలోనే కులం, వర్గం రెండూ ఉన్నాయి. పోలిక ఎంతవరకు చెల్లుతుందన్నది వేరే చర్చ. శాస్త్రాల ఆమోదం, వృత్తుల కట్టడి అక్కడ మన రూపంలో లేవు. క్రియోల్‌ను ఫలానా కులంతో సమానం చేసి మురిసిపోయే తొందర మాత్రం నాకు రుచించదు.

లోపలి మెట్లను బయటపెట్టిన రచయిత చేతిలో ఐక్యత ఏమైంది? 1983 నాటి ‘ఎ గ్యాదరింగ్ ఆఫ్ ఓల్డ్ మెన్’ దీనికి సమాధానం. బో బూటాన్ అనే కేజన్ రైతు నల్లవారి వాడలో తుపాకి దెబ్బకు చనిపోతాడు. షెరీఫ్ వచ్చేసరికి డెబ్బై, ఎనబై ఏళ్ల వృద్ధులు పేల్చిన తుపాకులతో నిలబడి, చంపింది నేనంటే నేనని ఒప్పుకుంటారు. జీవితమంతా పారిపోయిన మనుషులు వాళ్లు. వారిలోనూ రంగును బట్టి దూరంగా మసలినవాడున్నాడు, తన రక్తంలో కల్తీ లేదని ఇతరులను చిన్నచూపు చూసే మాథూ ఉన్నాడు. ఆ చిన్నచూపులను గెయిన్స్ దాచలేదు. ఒక్కొక్కరి చేత ఒక్కొక్క గాయాన్ని చెప్పించారు. ఎస్టేటు యజమానురాలు, తెల్లజాతి యువతి క్యాండీ, నేరం తనదేనంటుంది. తన ‘వాళ్లను’ కాపాడాలని ఆమె తపన. తమలో తాము మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడు ఆ వృద్ధులు ఆమెను బయటికి పొమ్మంటారు. మంచిమనసున్న దొరల నీడ నుంచి బయటపడ్డ ఆ ఘడియే నవలకు గుండెకాయ అని నా అభిప్రాయం. తమ అంతరాలను ఎదురెదురుగా చెప్పుకున్న మనుషులే ఆ పని చేయగలిగారు.

ఆ నవలలో ఒక వృద్ధుడి భయం నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది: ట్రాక్టర్లు చివరికి తమ వాళ్ల సమాధులనూ దున్నేస్తాయని, అప్పుడు ఈ నేల మీద తాము బతికిన రుజువే ఉండదని. శ్మశానానికి దారి కోసం కలెక్టరేట్ ముందు శవంతో కూర్చున్న దళితవాడల వార్తలు చదివే మనకు ఆ భయాన్ని వివరించనక్కరలేదు.

1993లో వచ్చిన ‘ఎ లెసన్ బిఫోర్ డయింగ్’లో, మరణశిక్ష పడబోతున్న యువకుణ్ణి పందితో పోల్చేది అతని తరఫు న్యాయవాదే. అతణ్ణి మనిషిగా నిలబెట్టే బాధ్యత పడిన ఉపాధ్యాయుడు గ్రాంట్, చదువుకున్నవాడు, సొంత ఊరంటే విసుగున్నవాడు. విశ్వవిద్యాలయాలకు చేరిన మన మొదటి తరం ఆ విసుగును గుర్తుపడుతుంది. ఈ నవలకు నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ పురస్కారం వచ్చింది.

లఫాయెట్‌లోని విశ్వవిద్యాలయం 1954 వరకు నల్ల విద్యార్థులను చేర్చుకోలేదు. అదే విశ్వవిద్యాలయం 1980ల ఆరంభంలో గెయిన్స్‌ను ఆహ్వానించింది. 2004లో విరమణ పొందే వరకు ఆయన అక్కడ రచనా విభాగంలో ఆచార్యుడు. చదివి సంపాదించిన పట్టా బి.ఏ. మాత్రమే, డాక్టరేట్లన్నీ గౌరవార్థం తరువాత వచ్చినవే. 2010లో ఆయన పేరిట ఒక కేంద్రం కూడా అక్కడ ఏర్పడింది.

మన విశ్వవిద్యాలయాల్లో దళిత సాహిత్యం మీద సిద్ధాంత గ్రంథాలకు కొదవ లేదు. అదే సాహిత్యాన్ని సృష్టించినవారిలో చాలామందికి తరగతి గదిలో కుర్చీ లేదు. 2022లో యూజీసీ తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పథకం పట్టాల నిబంధనను సడలించింది. కాని ఒక సంస్థలో గరిష్ఠంగా నాలుగేళ్లే. మంజూరైన పోస్టులకు వెలుపలి నియామకాలు కనుక రిజర్వేషన్ మాటేమిటన్న ప్రశ్న ఉండనే ఉంది. తెలుగు శాఖల్లో ఖాళీలు పడి ఉన్న ఈ రోజుల్లో, మాదిగ, మాల, రెల్లి, డక్కలి వాడల నుంచి వచ్చిన రచయితలను రచన నేర్పడానికి, శాశ్వతంగా, రిజర్వేషన్ నియమాలతో తీసుకోవాలని ఉభయ రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను విద్యార్థి సంఘాలు అడగవచ్చు.

విరమణకు దగ్గరపడ్డాక గెయిన్స్, తాను పుట్టిన ఎస్టేటు భూమిలోనే కొంత కొని భార్యతో కలిసి ఇల్లు కట్టుకున్నారు. తాను చదివిన ఆ చర్చి బడిని తన పెరట్లోకి తరలించుకున్నారు. వాడ జనం శ్మశానాన్ని బాగుచేయించి, ఏటా ఊరివారిని పిలిచి సమాధులను శుభ్రం చేయించేవారు. 2019 నవంబర్ 5న ఆ ఇంట్లోనే కన్నుమూశారు. ఆ చెరకు పొలాల మధ్య సమాధుల్లో చాలావాటికి పేర్లు లేవు. వాటి మీదుగా ట్రాక్టరు మాత్రం పోలేదు.