పోటీ లేని గెలుపు
భద్రతా మండలిలో శాశ్వతం కాని పది సీట్లకు రహస్య ఓటింగ్ జరుగుతుంది, మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. గట్టి పరీక్షే అనిపిస్తుంది. కానీ చాలాసార్లు ప్రాంతీయ కూటమి ముందే కూర్చుని ఎవరు నిలబడాలో తేల్చేస్తుంది. సర్వసభ్య సభకు మిగిలేది ముద్ర వేసే పనే. 2020లో 192 ఓట్లలో 184 తెచ్చుకున్న మన దేశానికీ పోటీ లేదు. సంబరాల్లో ఆ సంగతి ఎవరికి పట్టింది? పోటీ పడితే తతంగం సాగుతుంది, నిజమే. 1979లో క్యూబా, కొలంబియా పట్టు విడవక నూటయాభైకి పైగా రౌండ్లు నడిచి, చివరికి సీటు మెక్సికోకు పోయింది. అయినా నాకు ఆ విసుగే నయం. 2023లో మానవ హక్కుల మండలి ఎన్నికల్లో తూర్పు యూరప్ సీట్లు రెండైతే అభ్యర్థులు ముగ్గురు, రష్యా ఓడింది. అదే రోజు ఆసియా-పసిఫిక్‌లో నాలుగు సీట్లకు నలుగురే. చైనా నిశ్చింతగా గెలిచింది.